ఎల్లమ్మ కట్టిన కట్టు

బడికి పోయే ముందు పెరుగన్నం తింటున్న సుమిత్ర, తల్లి అన్న మాట విని, కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసి తలెత్తి చూసింది.

"మీ గైడు పిల్లలకు కట్లు గట్టుడు నేర్పెటందుకు మనిషి కావాలె అంటున్నరు గద. నేనొస్త," అన్నది ఎల్లమ్మ. అని, ఆ సంగతి అక్కడితో తేలిపోయినట్టు, పొయ్యిలో కట్టె ముందుకు తోసి ఊదడం మొదలుపెట్టింది.

సుమిత్ర మారేడ్‌పల్లిలో ఒక ఆడపిల్లల బడిలో టీచరు. సాయంత్రాలు అదే బడిలో గర్ల్ గైడ్ల దళానికి కెప్టెన్. పోలీసు చర్య జరిగిన ఏడు బళ్ళు చాలాకాలం మూతబడి, మళ్ళీ తెరుచుకున్నాయి. పిల్లలు తిరిగి వచ్చారు గానీ, దళానికి ఏదో ఒక విద్య నేర్పే పెద్దవాళ్ళు చెల్లాచెదురైపోయారు. కొందరు ఊరు విడిచి వెళ్ళారు. కొందరు ఊళ్ళోనే ఉండి గడప దాటడం మానుకున్నారు. పాతవాళ్ళలో మిగిలింది ప్రేమమణి అనే నర్సు ఒక్కతే. ప్రథమ చికిత్స ఆమే నేర్పుతోంది. ఇప్పుడు ఆమెకు కూడా మెదక్‌కు బదిలీ అయింది. ఎండాకాలం సెలవులు రాకముందే వెళ్ళిపోతుంది.

అయితే నేర్పుతామని వచ్చేవాళ్ళకు కొదవ లేదు. అన్నాళ్ళ భయం తీరాక జనానికి ఏదైనా ఒక మంచిపని చేయాలని ఉబలాటం పుట్టినట్టుంది. అడవిలో దిక్కులు కనుక్కోవడం నేర్పుతానని ఒక పెద్దమనిషి పిల్లల్ని తిరుమలగిరి అవతలికి తీసుకుపోయి, ఎద్దులబండి వాణ్ణి దారి అడుక్కుంటూ పొద్దుగూకాక తిరిగివచ్చాడు. ఈత నేర్పుతానన్న ఒకావిడ, తీరా కనుక్కుంటే, సముద్రాన్ని రైలు కిటికీలోంచి చూసిందే తప్ప ఏనాడూ మోకాటిలోతు నీళ్ళలో దిగినది కాదు. ఈ రెండూ జరిగాక, గైడ్ల సంఘానికి పెద్దగా ఉన్న విజయమ్మ ఒక కట్టుబాటు పెట్టింది. ఊరికే నేర్పినా సరే, నేర్పే మనిషికి ఆ విద్య నిజంగా వచ్చునా అని ముందు విచారించాలి. ఎక్కడ నేర్చుకున్నారో అడగాలి, ఇదివరకు ఎవరికి చేశారో వాళ్ళ దగ్గరకు వెళ్ళి కనుక్కోవాలి. తానుండే కార్ఖానా పేట వైపు ఈ విచారణ పని సుమిత్రకు అప్పజెప్పారు.

ఆ పని ఆమె శ్రద్ధగానే చేస్తూ వచ్చింది. అల్లికలు నేర్పుతానన్నావిడ చేత తన ఎదుటే గులాబీ అల్లించింది. వంట నేర్పుతానన్నావిడ ఇంటికి చెప్పకుండా భోజనం వేళకు వెళ్ళి కూర్చుంది. కానీ కన్నతల్లి వచ్చి నన్నూ విచారించమంటే ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

ఎల్లమ్మ మొగుడు సుమిత్ర పసితనంలోనే పోయాడు. అప్పటినుంచీ ఎల్లమ్మ ఒక పెద్దాసుపత్రి కాన్పుల వార్డులో ఆయాగా చేసి, బిడ్డను చదివించి, ఒళ్ళు సహకరించక ఈమధ్యే మానేసింది. కార్ఖానాలో వాళ్ళుండే గల్లీలో సగం మంది పిల్లలు ఆమె చేతుల్లోనే భూమ్మీద పడ్డారు. ఎవరికి కాలు బెణికినా, ఎవరి పిల్లవాడు గోలీ మింగినా ముందు "ఆయమ్మా" అంటూ ఈ ఇంటి తలుపే తట్టేవాళ్ళు. పని మానేశాక చేతులు ఊరికే ఉండనివ్వడం లేదని ఆమె తరచూ గొణుక్కునేది. అందుకే సుమిత్ర ఆ పొద్దున కాదని అనలేకపోయింది. విజయమ్మగారిని అడుగుతానని చెప్పి కంచం కడిగింది.

విజయమ్మ ప్లీడరు గారి భార్య. గుంటూరు నుంచి కాపురానికి వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డ మనిషి. మాట మెత్తగా ఉంటుంది గానీ పట్టు గట్టిది. సొంత తల్లిని తాను విచారించడం బాగుండదనీ, మరొకరెవరికైనా అప్పజెప్పమనీ సుమిత్ర అడిగితే, ఆమె తల అడ్డంగా ఊపింది.

"ఇంకెవరిని పంపమంటావు? మీ అమ్మగారి చేతిమీదుగా పిల్లల్ని కనని ఇల్లు ఆ పక్క ఏదైనా ఉందా? ఎవరు వెళ్ళినా కళ్ళు మూసుకుని బాగుందని వస్తారు. ఆమెతో రోజూ వాదించేది నువ్వొక్కదానివే. నువ్వే చెయ్యి. ఉన్నదున్నట్టు చెప్పు."

ఆదివారం మధ్యాహ్నం ఎల్లమ్మ చాప మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తుంటే, సుమిత్ర ఎదురుగా కూర్చుని ప్రశ్నలు అడిగింది. మనిషి మూర్ఛపోతే ఏం చేస్తావని అడిగింది. ఎల్లమ్మ గింజలు తీయడం ఆపకుండానే, పడుకోబెట్టి కాళ్ళు ఎత్తుమీద పెట్టి, బట్టలు వదులు చేసి, చుట్టూ మూగిన జనాన్ని తిట్టి పంపిస్తానని చెప్పింది. చెయ్యి విరిగితే బద్దలు ఎలా కట్టాలో, పసిబిడ్డ గొంతులో ఏదైనా ఇరుక్కుంటే బోర్లా తిప్పి వీపు ఎలా తట్టాలో సుమిత్ర చేతినే పట్టుకుని, సుమిత్ర వీపునే తట్టి చూపించింది. అవన్నీ ప్రథమ చికిత్స పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. కానీ ముక్కులో రక్తం కారితే తల వెనక్కి వంచాలన్నది. తేలు కుడితే ఉల్లిగడ్డ రుద్ది, తన మేనత్త నేర్పిన మంత్రం ఒకటి చదవాలన్నది. ఆ మంత్రం చెప్పమంటే మాత్రం, పైకి చెబితే పని చేయదని మూతి ముడుచుకుంది. సుమిత్రకు నవ్వు వచ్చింది. ఇవి దిద్దుకోగలిగినవే అనుకుని మనసులో కాస్త కుదుటపడింది.

ఇదివరకు చేసిన వైద్యం గురించి అడగ్గానే ఎల్లమ్మ చింతపండు పక్కకు జరిపి నడుము నిటారు చేసుకుంది.

"నూర్‌బీ చెయ్యి," అన్నది. "పోయి నూర్‌బీనే అడుగు. పోవాల్సిన చెయ్యి నేను నిలబెట్టిన."

ఆ కథ సుమిత్రకు తెలిసిందే. గల్లీలో తెలియనివాళ్ళు లేరు. పోలీసు చర్య రోజుల్లో, ఢిల్లీ పటాలాలు ఊళ్ళోకి వచ్చేస్తున్నాయని కబురు అందిన పొద్దున, గల్లీలో ఎవరి తలుపులు వాళ్ళు వేసుకున్నారు. పైన విమానాలు తిరుగుతున్నాయి. ముసల్మానుల ఇళ్ళ మీద పడతారని ఒక పుకారు పుట్టి ఇల్లిల్లూ తిరిగింది. రెండిళ్ళ అవతల ఉండే నూర్‌బీ అప్పుడు ఒక్కతే ఉంది. గిన్నెలకు కళాయి పూసే ఆమె మొగుడు రహీం, పాత నగరంలో చెల్లెలి ఇంటికని పోయి అటే చిక్కుకుపోయాడు. ఎల్లమ్మ తలుపు తీసుకుని నడివీధిలో నడిచి పోయి, నూర్‌బీ చెయ్యి పట్టుకుని తన ఇంటికి తీసుకువచ్చి గడియ వేసింది. నూర్‌బీ ఊరికే కూర్చోలేక అన్నం వార్చబోయింది. అప్పుడే ఎవరో తలుపు దబదబా బాదారు. గుండె అదిరి నూర్‌బీ పట్టు వదిలింది. సలసల కాగే గంజి ఆమె ఎడమచేతి మీద ఒలికిపోయింది. తీరా చూస్తే తలుపు బాదింది ఎదురింటి ముసలాయన. ఉప్పు కోసం వచ్చాడు.

ఊరంతా కర్ఫ్యూ. ఆసుపత్రికి పోయే దారి లేదు. ఎల్లమ్మే నెయ్యీ పసుపూ కలిపి పూసి, తన మెత్తటి పాతచీర చింపి కట్టు కట్టింది. రోజూ విప్పి మళ్ళీ కట్టేది. ముద్దలు కలిపి నోట్లో పెట్టేది. రహీం తిరిగివచ్చేదాకా నూర్‌బీని కంటికి రెప్పలా చూసుకుంది. పుండు మానింది. చివరి రెండు వేళ్ళు మాత్రం ఒకదానికొకటి అతుక్కుని అరచేతిలోకి ముడుచుకుపోయాయి. రెండు వేళ్ళతో పోయింది, లేకుంటే చెయ్యే పోయేదని అందరూ ఎల్లమ్మను మెచ్చుకున్నారు. నల్లా దగ్గర బిందెలు నిండేలోపు ఎల్లమ్మ ఆ సంగతి ఎవరో ఒకరికి చెప్పని రోజు లేదు.

మర్నాడు బడి అయ్యాక సుమిత్ర నూర్‌బీ ఇంటికి వెళ్ళింది. రహీం ఇంటిముందు కొలిమి దగ్గర ఒక రాగి గంగాళాన్ని తిప్పుతూ, లోపలికి వెళ్ళమని తలతో సైగ చేశాడు. నూర్‌బీ కోళ్ళకు నూకలు చల్లుతోంది. ఒకప్పుడు ఆమె కంటోన్మెంటు దర్జీలకు బొత్తాల కాజాలు కుట్టి ఇచ్చేది. ఆమె కుట్టిన కాజా పటాలం కోట్ల మీద ఏళ్ళ తరబడి పోగు లేవకుండా ఉండేదని పేరు. ఏడాదిగా కళ్ళు మసకబారాయంటూ ఆ పని మానేసి కోళ్ళు పెంచుకుంటోంది.

వచ్చిన పని చెప్పగానే ఆమె మొహం విప్పారింది. సుమిత్రను పీట మీద కూర్చోబెట్టి చాయ్ ఇచ్చి, ఎల్లక్క వంటి మనిషి ఈ సికింద్రాబాదులో లేదని మొదలుపెట్టి, గుక్క తిప్పుకోకుండా పొగిడింది. సుమిత్ర అన్నీ విన్నది. విచారణ అన్నాక పద్ధతి ప్రకారం అడగాలి గనుక, ఆ రోజు కట్టు ఎలా కట్టిందో చూపించమని అడిగింది.

నూర్‌బీ కుడిచేతి వేళ్ళన్నీ దగ్గరగా చేర్చి, పిడికిలిగా ముడిచి, పైన కొంగు గట్టిగా చుట్టి చూపించింది. "గిట్ల. వేళ్ళు కదిలితే తక్లీఫ్ అయితదని మొత్తం కలిపి గట్టింది. నెల దినాలు గట్లనే."

సుమిత్ర చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉండిపోయింది. కాలిన వేళ్ళను కలిపి కట్టకూడదు, వేలికీ వేలికీ మధ్య శుభ్రమైన గుడ్డ పెట్టి, వేళ్ళు చాచి ఉంచి కట్టాలి, లేకపోతే అతుక్కుపోతాయి. ప్రేమమణి తెచ్చి ఇచ్చిన పుస్తకంలో ఆ మాట ఆమె చదివింది. చదివినప్పుడు ఎందుకో నూర్‌బీ గుర్తు రాలేదు. ఇప్పుడు ఆమె కళ్ళు ఆ ముడుచుకున్న వేళ్ళ మీదనే నిలిచిపోయాయి.

నూర్‌బీ ఆ చూపు పట్టేసింది. చేతిని మెల్లగా కొంగు కిందికి లాక్కుంది. కోళ్ళ వంక చూస్తూ గొంతు తగ్గించి చెప్పింది. నాలుగైదు నెలల కింద రహీం బలవంతం మీద సిటీలో ఒక డాక్టరుకు చూపించుకుందట. కాలినందుకు కాదు, కట్టినందుకే వేళ్ళు పోయాయని ఆయన అన్నాడట. ఎవరు కట్టారని అడిగితే, నేనే కట్టుకున్నానని చెప్పిందట. వేళ్ళ మధ్య గుడ్డ పట్టుకోలేకనే కాజాల పని మానేసింది. కళ్ళకు ఏమీ కాలేదు.

"మీ అవ్వకు చెప్పకు బేటీ," అన్నది నూర్‌బీ. "నువ్వు అడిగితివని చెప్పిన. పరీక్షల పాస్ అయ్యిందని రాసెయ్యి. ఆమె మస్తు ఖుష్ అయితది."

సుమిత్ర ఏ మాటా ఇవ్వకుండానే లేచింది. ఇల్లు రెండడుగుల్లో ఉన్నా, ఆ సాయంత్రం ఆమె గల్లీ చివరిదాకా పోయి, సైకిల్ దుకాణం దగ్గర ఊరికే నిలబడి, మళ్ళీ వెనక్కి నడిచింది. తల్లి నేర్పితే రేపు దళంలో పాతికమంది పిల్లలు అదే కట్టు నేర్చుకుంటారు. పెద్దయ్యాక తమ తమ్ముళ్ళకో, బిడ్డలకో అలాగే కడతారు. కాదని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే, తల్లికి ఈ వయసులో ఉన్న ఒక్క గొప్పనూ తన చేత్తో తీసిపారేసినట్టు అవుతుంది. గుమ్మంలోకి వచ్చేసరికి ఎల్లమ్మ ఉతికిన తెల్లచీర మడత పెడుతోంది. పిల్లల ముందు నిలబడే రోజు కట్టుకోవడానికట.

"ఇప్పుడే నేర్పొద్దవ్వా," అన్నది సుమిత్ర, చెప్పులు కూడా విడవకుండా. "కొన్ని నీకు సరిగ్గా రావు."

"ఏంది రావు?"

"ముక్కు రక్తంది తప్పు. ఇంకా కొన్ని ఉన్నయి."

"నూర్‌బీ ఏమన్నది?"

"మంచిగనే చెప్పింది."

ఎల్లమ్మ కూతురి మొహంలోకి కాసేపు చూసింది. మరేమీ అడగకుండా తెల్లచీరను సందుకలో అడుగున పెట్టి మూత వేసింది. ఆ పూటనుంచి ఆమె మాట్లాడటం మానేసింది. వంట మానలేదు. సుమిత్రకు ఇష్టమని చుక్కకూర పప్పు చేసింది, కానీ కంచం ముందు ఠంగున పెట్టి, అవతలి గదిలోకి పోయి గోడవైపు తిరిగి కూర్చునేది. ఉప్పు తక్కువైందని సుమిత్ర అన్నా, ఎక్కువైందని అన్నా పలుకు లేదు. పొద్దున బడికి పోయేటప్పుడు గొడుగు మరిచిపోతే, వెనకనుంచి వచ్చి మాట లేకుండా చేతిలో పెట్టి వెళ్ళిపోయింది. కోపంలో కూడా తనను ఎండకు వదలలేకపోయిందని గ్రహించి, సుమిత్ర దారంతా కళ్ళు తుడుచుకుంటూ నడిచింది.

నాలుగు రోజులు ఆగి, ఎల్లమ్మ తానే మారేడ్‌పల్లి వెళ్ళి విజయమ్మ ముందు నిలబడింది. ఇన్నేళ్ళు ఆసుపత్రిలో చేసిన తనకు ఏమీ రాదని కన్నబిడ్డ అన్నదనీ, ఇదెక్కడి న్యాయమనీ అడిగింది. విజయమ్మ ఆమెను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చింది. విచారణ చేసిన మనిషి మాటను తాను దాటనని చెప్పింది. అయితే ప్రేమమణి వెళ్ళిపోయేలోపు ఆమె క్లాసులో కూర్చుని చూడమనీ, ఆ తర్వాత ఇంకోసారి విచారించమని తానే సుమిత్రతో చెబుతాననీ అన్నది. ఎల్లమ్మ ఒప్పుకుంది. నేర్చుకుందామని కాదు. ప్రేమమణి చేసే తప్పులు పట్టుకుందామని. ప్రేమమణి నర్సుగా చేరిన కొత్తలో మొదటి కాన్పు చూసి కళ్ళు తిరిగి పడిపోతే, మొహాన నీళ్ళు చల్లి లేపింది ఎల్లమ్మే మరి.

అలా ఆమె గైడ్ల క్లాసుకు వచ్చింది. వెనకబెంచీలో, లంగా ఓణీల ఆడపిల్లల మధ్య, మోకాళ్ళు పట్టక పక్కకు తిరిగి కూర్చునేది. మొదటిరోజు బద్దలు కట్టడం చూపిస్తుంటే, ముడి సరిగ్గా లేదంటూ లేచి వెళ్ళి తానే కట్టింది. ప్రేమమణి నవ్వి, "పెద్దమ్మ కట్టిందే మంచిగున్నది, అందరూ గట్లనే కట్టండి," అన్నది. పిల్లలకు ఎల్లమ్మ నచ్చింది. ఎల్లమ్మ ఇంటికి వస్తూ దారిలో సుమిత్రకు వినబడేలా గాలితో మాట్లాడింది: ఎవరికి రాదో చూసిన్రుగా.

తర్వాతి వారం కాలిన గాయాల పాఠం. ఆ రోజు ఆ పాఠమని సుమిత్రకు ముందే తెలుసు. పొద్దుటినుంచీ ఆమెకు ఏ పనిమీదా మనసు నిలవలేదు. తల్లిని ఏదో వంకతో ఇంట్లోనే ఆపాలా అనుకుంది. ఆపలేదు. గది గుమ్మం పక్కన గోడకు ఆనుకుని నిలబడింది.

ప్రేమమణి ఒక పిల్ల చెయ్యి పట్టుకుని, వేళ్ళు విడదీసి, మెత్తటి గుడ్డ పీలికలు ఒక్కో సందులో పెడుతూ వివరించింది. కాలినచోట పైచర్మం పోతుంది, పక్కపక్కన ఉన్న రెండు పచ్చి వేళ్ళను కలిపి కడితే ఒకటిగా మానిపోతాయి, ముడిచి కడితే ముడుచుకునే మానతాయి, ఆ తర్వాత ఎంత లాగినా రావు అని చెప్పింది. అందుకని పిడికిలిగా ఎప్పుడూ కట్టకూడదని, ఆ పిల్ల పిడికిలి మూసి చూపించింది.

ఎల్లమ్మ అప్పటిదాకా పక్కనున్న పిల్లకు గుడ్డ చుట్ట చుట్టి పెడుతోంది. ఆమె చేతులు ఆగిపోయాయి. ముందు ప్రేమమణి చేతుల్లోని ఆ పిడికిలిని చూసింది. తర్వాత ఒళ్ళో ఉన్న తన చేతుల్ని చూసుకుంది. ఎడమచేతి వేళ్ళను ఒక్కొక్కటిగా మడిచి, పైన కుడిచెయ్యి కప్పింది. ప్రేమమణికి ఏమీ తెలియదు గనుక ఆమె చెప్పుకుపోతూనే ఉంది. పాఠం సగంలో ఎల్లమ్మ బెంచీ పట్టుకుని లేచి, పిల్లల మధ్యనుంచి దారి చేసుకుంటూ బయటికి వచ్చింది. గుమ్మంలో సుమిత్రను దాటేటప్పుడు ఒక్క క్షణం నిలబడింది. ఇద్దరూ ఒకరి కళ్ళలోకి ఒకరు చూసుకున్నారు. కూతురికి ముందే తెలుసని ఎల్లమ్మకు అర్థమైంది. ఆమె మెట్లు దిగిపోయింది.

పిల్లల్ని ప్రేమమణికి అప్పజెప్పి సుమిత్ర వెనకాలే బయలుదేరింది. మారేడ్‌పల్లి నుంచి కార్ఖానా దాకా తల్లి ముందు, కూతురు వెనక. ఎల్లమ్మ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు, సొంత ఇంటి ముందు కూడా ఆగలేదు. సుమిత్ర చేరేసరికి నూర్‌బీ గడపమీద కూర్చుని ఉంది. ఎల్లమ్మ కింది మెట్టుమీద కూర్చుని, ఆ ఎడమచేతిని ఒళ్ళో పెట్టుకుని, అతుక్కున్న రెండు వేళ్ళ మధ్య తన గోరు దూరుతుందేమోనని వెతుకుతోంది. డాక్టరు సంగతి అప్పటికే బయటపెట్టేసిన రహీం కొలిమి దగ్గర పని ఆపి తల వంచుకున్నాడు.

"డాక్టరు చెప్పిండట గద. నాకెందుకు చెప్పలే?" అన్నది ఎల్లమ్మ.

"చెప్తే ఏం జేద్దువు అక్కా? కూసొని ఏడుద్దువు."

"ఏడుస్త. నా ఏడుపు నేనేడుస్త. ఏడాది సంది నల్లాకాడ నిలబడి, నూర్‌బీ చెయ్యి నేనే నిలబెట్టిన అని వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు చెప్పుకున్న. నువ్వు పక్కన బిందె పట్టుకొని 'అవునక్కా, అవునక్కా' అంటివి."

"అది చెప్పేటప్పుడు నీ మొహం మంచిగుంటుండె," అన్నది నూర్‌బీ.

కుడిచేత్తో ఎల్లమ్మ భుజం పట్టుకుంది.

"ఆ దినం గల్లీల ఒక్కరు తలుపు తియ్యలే. కిటికీలల్లకెళ్ళి చూసిన్రు అంతే. నువ్వు ఈ చెయ్యే పట్టుకొని నడిరోడ్డు మీదికెళ్ళి తీస్కపోతివి. రెండు వేళ్ళు ముడుచుకుంటే ముడుచుకున్నయి. దానికి నిన్ను పట్టుకొని అంటనా?"

"నువ్వు అనకున్నా తప్పు తప్పే," అన్నది ఎల్లమ్మ. ఆపైన కొంగు మొహాన కప్పుకుని గట్టిగానే ఏడ్చింది. నూర్‌బీ కూడా ఏడ్చింది. గల్లీలో ఇద్దరు ముగ్గురు తొంగిచూస్తే, రహీం లేచి వెళ్ళి, ఏమీ లేదని చెప్పి పంపించాడు. సుమిత్ర దూరంగానే నిలబడింది. దగ్గరికి పోవాలో వద్దో ఆమెకు తెలియలేదు. ఏడుపు ఆగాక ఎల్లమ్మే తల తిప్పి ఆమెను చూసి, మొహం తుడుచుకుంది.

"నీకు రాదవ్వా అంటివి. నిజమే రాదు. దూరం నిలబడ్డవేంది, ఇటు రా. ఆ ప్రేమమణి ఎప్పుడు పోతున్నది? పోయేలోపట అన్ని నేర్చుకుంట."

నేర్చుకుంది. అంత సులువుగా ఏమీ కాదు. చేతికి పట్టిన అలవాటు నోటి మాటతో పోదు కదా. తప్పు పట్టడం మానేసి అందరు పిల్లల్లాగే చెయ్యెత్తి అనుమానాలు అడిగేది. రాత్రి అన్నాలయ్యాక సుమిత్ర పుస్తకం చదివి చెబుతుంటే, అరుగుమీద కూర్చుని తన కాలికీ మోచేతికీ తానే కట్లు కట్టుకుని విప్పుకునేది. ప్రేమమణి పరీక్ష పెట్టినరోజు అన్నీ బాగా చెప్పి, ముక్కులో రక్తం దగ్గరకు వచ్చేసరికి, నోరేమో తల ముందుకు వంచాలని చెబుతుంటే చెయ్యి మాత్రం ఎదుటి పిల్ల తలను వెనక్కి వంచింది. ప్రేమమణి ఏం చేయాలో తోచక సుమిత్ర వైపు చూసింది. సుమిత్ర కళ్ళు దించుకుంది. ఎల్లమ్మే తన చేతిని చూసుకుని, "తప్పైంది, మళ్ళొకసారి పెట్టు బిడ్డా," అన్నది. వారం తర్వాత మళ్ళీ పెట్టారు. ఈసారి ఒక్కటి కూడా తప్పలేదు. తేలుమంత్రం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు, ఆమె వదులుకున్నట్టూ చెప్పలేదు.

మెదక్ వెళ్ళే ముందు ప్రేమమణి నూర్‌బీని తన ఆసుపత్రిలో ఒక సర్జన్‌కు చూపించింది. ఆయన వేళ్ళను కోసి విడదీశాడు. ఉంగరపు వేలు చాలావరకు చాచుకుంది. చిటికెనవేలు మళ్ళీ ముడుచుకుపోయింది. ఎల్లమ్మ పొద్దున్నే నల్లా నీళ్ళు పట్టగానే వెళ్ళి ఆ చేతికి గోరువెచ్చని నూనె రాసి, వేళ్ళు వంచి చాపించేది. నొప్పి అంటూ నూర్‌బీ తిట్టేది. ఎల్లమ్మ వినేది కాదు. ఎండాకాలం గడిచేసరికి నూర్‌బీ చిన్నపిల్లల చొక్కాలకు కాజాలు కుట్టడం మొదలుపెట్టింది. పటాలం కోట్లకు మాత్రం ఇంక ఒప్పుకోలేదు. మునుపటి పని కాదని తనకే తెలుసు.

బడి తెరిచాక ఎల్లమ్మ మొదటి పాఠం చెప్పే రోజు విజయమ్మ కూడా వచ్చి ఒక మూల కుర్చీలో కూర్చుంది. సుమిత్ర ఆమెకు అంతకుముందే జరిగినదంతా, నూర్‌బీ చెప్పమన్నాకే, ఉన్నదున్నట్టు చెప్పింది. ఎల్లమ్మ తెల్లచీర కట్టుకుని వచ్చింది. ఒంటరిగా రాలేదు, నూర్‌బీని వెంటబెట్టుకుని వచ్చింది. బద్దలతో మొదలుపెడుతుందని సుమిత్ర అనుకుంది. ఎల్లమ్మ నూర్‌బీని బల్లముందు కూర్చోబెట్టి, ఆమె ఎడమచేతిని పిల్లలందరికీ కనబడేలా బల్లమీద పెట్టించింది.

"ఇది కాలిన చెయ్యి. వేళ్ళు ఖరాబు చేసింది మాత్రం నిప్పు కాదు, నేను," అని చెప్పి, ఆ రోజు ఏం జరిగిందో, తాను ఎలా కట్టిందో దాచకుండా చెప్పింది. పిల్లలు గుసగుసలు మానేశారు. ముందు వరుసలో ఉన్న ఒక పిల్ల, అందరికంటే చిన్నది, లేచి నిలబడి, మరి ఎందుకట్ల కట్టినవని అడిగింది.

"నాకు రాదని నాకు తెల్వక," అన్నది ఎల్లమ్మ. "వచ్చు అనుకున్న. మీకు సుత గట్లనే అనిపిస్తది. అనిపించినప్పుడు ఎవరినన్న అడుగున్రి."

విజయమ్మ కుర్చీలో కదిలి, కళ్ళద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. సుమిత్ర గుమ్మం పక్కన నిలబడి తల్లిని చూస్తోంది. నల్లా దగ్గర ఈ కథ చెప్పేటప్పుడు తల్లి మొహంలో ఉండే వెలుగు ఇప్పుడు లేదు. అయినా ఆమెను ఇంత ఇష్టంగా తాను ఎన్నడూ చూసుకోలేదని సుమిత్రకు అనిపించింది.

ఆ తర్వాత పిల్లలు ఒక్కొక్కరే వచ్చి నూర్‌బీ చేతికి కట్టు కట్టారు. వేలికీ వేలికీ మధ్య పీలిక పెట్టి, మెల్లగా చుట్టి, ఎల్లమ్మకు చూపించి, విప్పి, మరొకరికి చోటిచ్చారు. వదులుగా కట్టినవాళ్ళను ఎల్లమ్మ గదిమింది. గట్టిగా కట్టినవాళ్ళను నూర్‌బీ గదిమింది. వరుస సగం కూడా కాకముందే, కూర్చుని కూర్చుని నడుము పట్టేసిందని నూర్‌బీ సణిగితే, ఇంటికి పోయాక నడుముకు కూడా కట్టు కడతానని ఎల్లమ్మ అన్నది. పిల్లలు పకపకా నవ్వారు. బల్లకింద మురికి పీలికలు కుప్పపడ్డాయి. సుమిత్ర వాటిని ఏరి, రాత్రికి ఉడకబెట్టి ఉతకడానికి సంచిలో వేసుకుంది.